మామయ్యగారికి తేలికైన కేకు

1950 డిసెంబరు 4, సోమవారం

జావ గిన్నె మళ్ళీ నిండుగానే వంటింట్లోకి తిరిగొచ్చింది. పైన తెట్టు కట్టి. మామయ్యగారు రెండు చెంచాలు తాగారేమో… అదీ నేను నెత్తిన నిలబడితే.

టైఫాయిడ్ వదిలి నెల దాటింది. జ్వరం పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకుపోయింది. లాల్చీ వేసుకుంటే వంకెకు తగిలించినట్టుంది. రాజోలు డాక్టరుగారు నిన్న చూసి వెళుతూ వాకిట్లో నాతో అన్న మాట – "మందులయిపోయేయమ్మా. ఇంక తిండే మందు. తేలిగ్గా అరిగేది, ఆయన మనసుపడి తినేది ఏదైనా పెట్టండి. ఇలాగే ఉంటే కష్టం."

ఆ 'కష్టం' అన్న మాట అత్తయ్యగారికి చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నా, అంతే.

డిసెంబరు 5

బడి నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని అడిగాను – ఏం తినాలనుందండీ మామయ్యగారూ?

చాలాసేపు వాసాలు లెక్కపెట్టారు. తర్వాత – "క్రిస్మసు కేకు."

నా ప్రాణం లేచొచ్చింది. పండగ ఇంకా ఇరవై రోజులుందండీ, ఈలోగా ఇంకేదైనా… అంటుంటే చెయ్యెత్తి ఆపారు. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి – "మీ అత్తయ్య చేసేది కాదమ్మా."

నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

డిసెంబరు 6

అత్తయ్యగారి కేకు. పాపం, ఆవిడని అనకూడదు గాని… మిషను దొరసానిగారి బంగళా వంటింట్లో ఆరేళ్ళు పనిచేసి నేర్చుకున్న విద్య. నల్లబెల్లం, ఖర్జూరం, జీడిపప్పు, ఇనప మూకుడు. కొయ్యడానికి కొబ్బరికాయలు కొట్టే కత్తి కావాలి. పండక్కి చేస్తే ఈస్టరు దాకా చెక్కు చెదరదు. పేటంతా మెచ్చుకుంటుంది – టీలో నానబెట్టుకుని.

ఈ ఒంటితో మామయ్యగారు అది తింటే ఇంకేమైనా ఉందా!

తేలిగ్గా ఉండాలి. నోట్లో పెట్టుకుంటే కరగాలి. ఎలా చెయ్యాలో మాత్రం నాకు తెలీదు. పిల్లలకి ఎక్కాలు చెప్పడం తప్ప ఏం వచ్చు నాకు.

డిసెంబరు 9, శనివారం

ఆయన కొత్తపేట నుంచి వచ్చారు. హైస్కూలు, ఆ అద్దెగది, వారానికి ఒకసారి ఇల్లు – ఇదీ మా కాపురం. సంచిలో మైదా, కిస్మిస్, ఖర్జూరం, రెండు చుట్టలు మామిడితాండ్ర. బేకింగ్ పౌడరు మాత్రం అమలాపురంలో కూడా దొరకలేదట. "ఆ పేరే వినలేదండీ" అన్నాడట కొట్టతను.

పంచదార గురించి నేనే బెంగపడ్డాను. రేషను కార్డు మీద వచ్చింది పండక్కని నెల నుంచి దాస్తున్నా. టీలో అందరికీ బెల్లమే. ఆయన గుక్క తాగి మొహం అదోలా పెట్టి, నన్ను చూసి, మిగతాది మాట్లాడకుండా తాగేశారు. మంచి మనిషి.

డిసెంబరు 13

మొదటి కేకు. తినేసోడా వేసి.

ఇత్తడి గుండిగలో ఇసక పోసి, మధ్యలో గిన్నె పెట్టి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు. కింద సన్నసెగ. అంతా బాగానే ఉంది. పొంగింది కూడా. పసుపురంగు తిరిగి, సబ్బు వాసనతో.

అత్తయ్యగారు చిటికెడు నోట్లో వేసుకుని – "బట్టలసోడా ఏసేవేటే?"

కోళ్ళకి వేశాను. అవీ ఒకసారి పొడిచి, నా వంక చూసి వెళ్ళిపోయాయి.

డిసెంబరు 16, శనివారం

రెండో కేకు. ఈసారి సోడా లేదు, గుడ్లసొన బాగా గిలక్కొట్టి పోస్తే పొంగుతుందని తోటి పంతులమ్మ చెప్పింది. ఆయన చల్లకవ్వం పుచ్చుకుని గంటసేపు గిలక్కొట్టారు. హైస్కూలు మాస్టారు! పంచె ఎగ్గట్టి, చెమటలు కక్కుతూ. దిష్టి తియ్యాలనిపించింది.

పొంగింది. నిజంగా పొంగింది. వాసన వీధిలోకి వెళ్ళింది.

అప్పుడు ఆయన మూత తీసి చూశారు.

నా కళ్ళముందే కూర్చుండిపోయింది కేకు. ఎందుకు తీశారండీ అంటే – "పొంగిందో లేదో చూద్దామని." పొంగింది కాబట్టే కదా మూత తియ్యొద్దన్నాను! సాయంత్రం దాకా మాట్లాడలేదు నేను. ఆయన వెనకాలే తిరిగారు, నీళ్ళు తోడి, కట్టెలు కొట్టి, దీపం బుడ్డి తుడిచి. ఆఖరికి నవ్వొచ్చేసింది, ఏం చేస్తాం.

డిసెంబరు 17

ఆ కూర్చుండిపోయిన కేకే ఒక ముక్క తిన్నారు మామయ్యగారు. పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు తిరిగినా – "బాగుందమ్మా." ఆయనకి అబద్ధం ఆడటం రాదు. ఎనిమిది రోజులుంది పండక్కి.

డిసెంబరు 19

ఇది రాయాలా వద్దా…

పొద్దున అత్తయ్యగారు నన్ను పెరట్లో కొబ్బరిచెట్ల కిందకి పిలిచారు. చుట్టూ చూసి – "బంగళాలో రొట్టె ఎలా పొంగేదనుకున్నావే?"

ఏమో అన్నాను.

"కల్లు."

ఈసారి నేనూ చుట్టూ చూశాను.

"వంటాయన పిండిలో పోసేవోడు. దొరసానిగారికి తెలీదు. ఆవిడ ఊరూరా తిరిగి కల్లు తాగొద్దని చెప్పేవోరు, ఇంటికొచ్చి ఆ రొట్టె తిని, ఎంత మెత్తగా ఉందో అని దేవుడికి స్తోత్రం చెప్పేవోరు."

మరి మీరు మీ కేకులో ఎప్పుడూ పొయ్యలేదేంటండీ ఇన్నేళ్ళూ – అని అడిగాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "మీ మామయ్య ఉండగా ఈ ఇంట్లోకి కల్లా?"

అదీ సంగతి. పెళ్ళికి ముందు మామయ్యగారు బాగా తాగేవారట. వాళ్ళ నాన్న దగ్గర అలవాటు. పెళ్ళిరోజున, అదీ ఓ జనవరి ఒకటినే, ఇంకా పందిట్లో ఉండగానే, అత్తయ్యగారు ఒట్టు వేయించుకున్నారు. అప్పటికావిడకి పదహారు. అప్పటి నుంచి ఒక్క చుక్క లేదు. ప్రతి జనవరి ఒకటిన ఉదయం ఆరాధనలో సంఘపెద్దగా ఆయన లేచి నిలబడి చెప్పే సాక్ష్యం మా పేటలో పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు – "దేవుడి కృప వల్ల, నా భార్య పోరు వల్ల, కల్లు మానేసి ఇవాళ్టికి ఇన్నేళ్ళండీ." ఈ ఏడు నలభై ఒకటి అవుతుంది. సర్కారు నిషేధం నిన్న మొన్న వచ్చింది. మా పేటలో సగం ఇళ్ళు అంతకు చాలా ముందే ఆయన్ని చూసి మానేశాయి.

నా వల్ల కాదండీ అన్నాను.

అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా. "ఆ ఒట్టు నాకోసం ఏసేడు. ఏయించుకున్నదాన్ని నేనే తీసేస్తన్నాను. నీకేటి భయం? డాక్టరు నీతో ఏమన్నాడో నాకు తెలీదనుకున్నావా? తలుపు ఎనకాలే ఉన్నాను. ఆయన బతకాలి నాకు. పాపం ఉంటే నా నెత్తిన ఏసుకుంటాను."

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆవిడ ముక్కు తుడుచుకుని, మీ మామయ్యకి చెప్పావో చూడు నీ పని, అన్నారు.

డిసెంబరు 20

బళ్ళో కూర్చుని ఒకటే ఆలోచన. నిప్పు మీద కాలాక కల్లు ఇంకా కల్లేనా? మత్తు ఆవిరైపోతుంది కదా. పోతుంది. పోవాలి.

రెండో తరగతి పిల్ల – "టీచరుగారండీ, మీకు కడుపునొప్పాండీ?"

డిసెంబరు 23

పాలుపోసే మంగాయమ్మతో అత్తయ్యగారు గుసగుసలు. మంగాయమ్మ మొగుడికి ఈతచెట్లున్నాయి. చలికాలం, కల్లుగీత బాగుంటుందట. పోలీసులు పట్టుకుంటే? "పాలకుండ మూతెత్తి చూసే పోలీసు ఇంకా పుట్టలేదండీ ఆయ్!" – మంగాయమ్మ.

దేవుడా, నా వంటిల్లు ఏమైపోతోంది.

డిసెంబరు 24, ఆదివారం

చీకటితోనే లేచాం. మైదా, గిలక్కొట్టిన గుడ్లు, పంచదార, కాస్త వెన్న. అత్తయ్యగారు చిన్న చెంబెత్తి పోశారు, నేను చూడలేదు. వాసన చూశాను గాని. బట్ట కప్పి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టాం. ఇంక ఏమీ చెయ్యక్కర్లేదట. అదే పొంగుతుందట. ఇంత సులువా! రెండు వారాలు నేను పడ్డ పాట్లన్నీ తలుచుకుంటే ఒళ్ళు మండింది.

గుళ్ళో కూర్చున్నా. అయ్యగారు ప్రసంగం చెప్తున్నారు. నా మనసంతా పిండి మీదే.

ఇంటికొచ్చి బట్ట తీస్తే – గిన్నె అంచు దాకా! బుడగలు బుడగలుగా, ఊపిరి పీల్చుకుంటున్నట్టు. కిస్మిస్, ఖర్జూరం ముక్కలు, తాండ్ర సన్నగా తరిగి కలిపాను. పిండి కొంచెం అణిగి మళ్ళీ లేచింది. గుండిగ, ఇసక, పైన నిప్పులు. ఆయన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. "మూత తియ్యనులేవే" అని గడప అవతల నుంచి బతిమాలుకుంటారే… పాపం.

మూత నేనే తీశాను. బంగారు రంగు. వేలితో నొక్కితే కిందికి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. ఎత్తి చూస్తే బరువే లేదు.

అత్తయ్యగారు చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డారు. "నలభై ఏళ్ళు ఆయనకి రాళ్ళు పెట్టేను" అన్నారు.

డిసెంబరు 25

తిన్నారు! రెండు ముక్కలు!

ఆరాధనకి రాలేకపోయారు. మేం తిరిగొచ్చేసరికి అరుగు మీద ఎండలో కూర్చున్నారు. పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. కళ్ళు మూసుకుని నమిలారు. దగ్గు లేదు. కళ్ళు తెరిచి – "ఇంకోటి పెట్టమ్మా." రెండు నెలల్లో ఆ నోట మొదటిసారి విన్న మాట. అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. ఎందుకో నాకు తెలుసు.

మా ఆయన నా చెవిలో – "ఏం వేశావే దీంట్లో?" ఏమీ లేదండీ, ఓపిక – అన్నాను. తప్పే. పండగపూట అబద్ధం. అయినా సంతోషంగా ఉంది, చెప్పొద్దూ.

డిసెంబరు 26

పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. తింటూ తింటూ ఆగి – "ఏదో వాసన ఉందమ్మా దీంట్లో. బాగా ఎరిగున్న వాసనే. గుర్తు రావట్లేదు."

తాండ్ర అయ్యుంటుందండీ.

"తాండ్ర కాదు."

అత్తయ్యగారు గుమ్మంలో నుంచి – "తినే నోటికి అన్ని ప్రశ్నలెందుకో!"

డిసెంబరు 27

పిలిచారు. కూర్చోమన్నారు. చేతిలో కేకు ముక్క.

"ఇది తింటా ఉంటే మా నాన్న గుర్తొస్తన్నాడమ్మా. పొద్దోయి పొలంనించి వచ్చి నన్ను భుజం మీద ఎక్కించుకునేవోడు. నలభై ఏళ్ళలో ఆయన్ని ఇంత దగ్గరగా తల్చుకోలేదు. ఎందుకంటావ్?"

తల వంచుకుని కొంగు మెలిపెడుతూ కూర్చున్నా. ముసలాయన మొహం చిన్నపిల్లాడిలా అయిపోయింది. ఆ మొహం మీద ఎంత ప్రేమ పుట్టిందో నాకు. అంతే భయమూ వేసింది.

డిసెంబరు 28

చారన్నం తిన్నారు. నేను అడక్కుండానే. గేటు దాకా నడిచారు.

డిసెంబరు 29

పొద్దున కేకు తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద తనలో తాను చెప్పుకుంటున్నారు – "…నా భార్య పోరు వల్ల, కల్లు మానేసి ఇవాళ్టికి నలభై ఒక్క ఏళ్ళండీ…" సోమవారం ఆ మాట గుళ్ళో చెప్పాలని సాధన.

పప్పు కడుగుతున్న చేతులు ఆగిపోయాయి.

అబద్ధం ఆడటం రాని మనిషి దేవుడి ఎదుట, సంఘమంతా వింటుండగా, అబద్ధం చెప్పబోతున్నారు. చెప్పించేది నేను.

అత్తయ్యగారితో అంటే – "తెలీకుండా ఆడింది అబద్ధం కాదే. ఊరుకో. రెండు పూటలా తింటన్నాడు, నోటికాడ కూడు తీసేస్తావా?" నిజమే. చెప్తే మళ్ళీ తినడం మానేస్తారేమో. చెప్పకపోతే ఆయన నలభై ఏళ్ళ మాట నా చేతుల్లో చెడిపోతుంది. ఆయనతో (మా ఆయనతో, పండగ సెలవులకి ఇంట్లోనే ఉన్నారు) చెప్పాను మొత్తం. నువ్వే నిర్ణయించు, అన్నారు.

డిసెంబరు 30, శనివారం

చెప్పేశాను.

పొద్దున్నే, ఇంకా పళ్ళెం పెట్టకముందే. అరుగు మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని – మామయ్యగారూ, కేకులో ఈతకల్లు పోశానండీ. మీకు తెలిస్తే తినరని చెప్పలేదండీ.

రోడ్డు వైపు తిరిగారు.

"ఎవరు పొయ్యమన్నారు?"

నేనేనండీ.

వంటింటి వైపు ఒక చూపు. "ఆయ్" అన్నారు. అంతే. లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు.

మధ్యాహ్నం అన్నం వద్దన్నారు. అప్పుడు అర్థమైంది అత్తయ్యగారికి. "చెప్పేసేవా! చెప్పేసేవటే!" చేతిలో గరిటె విసిరికొట్టారు. నా మీద కాదు, గోడ మీద. తర్వాత పొయ్యి ముందు కూర్చుని లేవలేదు.

నేను చేసిందేమిటి? బతికించానా, చంపుతున్నానా?

డిసెంబరు 31, ఆదివారం

మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

అత్తయ్యగారు జావ గిన్నెతో మంచం దగ్గర నిలబడ్డారు. "పొయ్యమన్నది నేను. పిల్లని ఏమీ అనకు."

"తెలుసు."

"తినవా మరి?"

ఆయన గోడవైపు తిరిగిపోయారు. ఆవిడ గిన్నె కింద పెట్టి, మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. పొద్దువాలే దాకా అలాగే. ఆవిడా ఏమీ తినలేదు. గిన్నె ఇద్దరి మధ్యా.

1951 జనవరి 1, సోమవారం

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ లాల్చీ వేసుకుని, చేతికర్రతో గుమ్మంలో నిలబడ్డారు. "గుడికి." వద్దండీ, పడిపోతారు – అంటే వినరు. మా ఆయన ఒక పక్క పట్టుకుని నడిపించారు. అత్తయ్యగారు వెనకాల, తల ఎత్తకుండా.

సాక్ష్యాల వేళ అయ్యగారు మామయ్యగారి వైపు చూశారు. కూర్చునే చెప్పండి అన్నారు. కూర్చోలేదు. బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

"దేవుడి కృప వల్ల, నా భార్య పోరు వల్ల…"

ఆగారు. పిల్లలు పెదాలు కదుపుతున్నారు, మిగతాది మాకు తెలుసన్నట్టు.

"…కల్లు మానేసి ఇవాళ్టికి మూడు రోజులండీ."

అయ్యగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"పండక్కి మా ఇంట్లో వాళ్ళు కేకులో పోసి పెట్టేరండి. నాకు తెలీదు. చచ్చిపోతానని భయపడ్డారు. మెత్తగా ఉందండి. అయిదు రోజులు తిన్నాను. మా నాన్న గుర్తొచ్చేడు. లెక్క గొప్పగా చెప్పుకునేవోణ్ణి ప్రతి ఏడూ. ఆ లెక్క పోయింది. పోతే పోయింది. నన్ను బతికించాలని ఇద్దరు ఆడవాళ్ళు ఇంత భయపడ్డారని తెలిసింది. దేవుడికి స్తోత్రం."

కూర్చున్నారు.

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. తర్వాత గుడంతా. అత్తయ్యగారు కొంగు మొహం మీదకి లాక్కున్నారు, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని దగ్గరికి జరిగాను. నవ్వుతున్నారు. ఏడుస్తున్నారు కూడా.

ఇంటికి రాగానే చేతికర్ర మూల పెట్టి – "ఆకలేస్తందే" అన్నారు. నాతో కాదు, ఆవిడతో.

జనవరి 2

పేటలో ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. మామయ్యగారిని చూడటానికట. చూసి, అరుగు దిగుతూ నా చెవిలో – "ఎంత పోసేరండీ?"

జనవరి 4, గురువారం

పప్పుచారు, అన్నం, పెరుగు. మూడు పూటలు. బుగ్గల్లో కాస్త రంగు.

బడికి బయల్దేరుతుంటే పిలిచారు. "ఆదివారానికి ఇంకో కేకు చెయ్యమ్మా."

ఆయ్, చేస్తానండీ.

"మెత్తగా చెయ్యి. మొన్నటిలాగ."

పుస్తకంలోకి చూస్తూనే అన్నారు. మొహం కనపడలేదు. దేంతో పొంగించమంటారండీ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. బడిలో ఎక్కాలు తప్పు చెప్పాను.

సాయంత్రం అత్తయ్యగారిని అడిగాను. రెండు చేతులూ పైకెత్తేశారు. "నన్నడక్కు. ఆయనకి తెలీకుండా ఇంకేదీ చెయ్యనని ఒట్టేసేను."

మా ఆయనకి ఉత్తరం రాశాను, ఏం చెయ్యమంటారని. హైస్కూలు మాస్టారు కదా. 'నువ్వే నిర్ణయించు' అని రాస్తారు, చూస్తూ ఉండు.

పిండి జల్లించి పెట్టా. తాండ్ర ఇంకొక చుట్ట ఉంది. మామయ్యగారు అరుగు మీదే ఉన్నారు, నాలుగడుగుల దూరం. వెళ్ళి ఒక్క మాట అడగొచ్చు. అడిగితే కల్లు వద్దంటారని నాకు తెలుసు. అందుకే ఇంకా అడగలేదు.